జవాబు చెప్పకుండానే గెలుస్తున్నారు

మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య రైలులో తిరిగేవారిలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ దారిలో 1956 సెప్టెంబరు 2న ఒక వంతెన కూలి ప్యాసింజరు రైలు ప్రమాదానికి గురైంది. వందమందికి పైగా ప్రయాణికులు చనిపోయారు. అప్పుడు కేంద్ర రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. ఆ వంతెన ఆయన కట్టింది కాదు, ఆ రైలు ఆయన నడిపింది కాదు. అయినా శాఖ తనది గనుక బాధ్యత కూడా తనదేనంటూ రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ దాన్ని ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళ ప్రాంతంలోని అరియలూరు వద్ద మరో పెద్ద ప్రమాదం జరిగింది. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి దాన్ని ఆమోదించక తప్పలేదు.

మా దగ్గర చదువుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "హజ్రత్, ఇప్పటివాళ్లు అట్ల ఎందుకు చెయ్యరు?" అని. "కాలం మారింది బేటా" అంటూ ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాము. అది జవాబు కాదని మాకు తెలుసు. ఈ వారం ఆ పిల్లల ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకాలని కూర్చున్నాము.

తప్పుకున్నవారు చెడిపోలేదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పదవి వదిలితే రాజకీయ జీవితం ముగిసిపోతుందని, అందుకే ఎవరూ వదలరని మనం అనుకుంటాము. చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు. శాస్త్రి 1957లో మళ్లీ కేంద్ర మంత్రి అయ్యారు. 1964లో ప్రధాని అయ్యారు.

అదే 1964లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కర్నూలు జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోవడం వెనుక ముఖ్యమంత్రికి కక్ష ఉందని ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. జవాబు లేని ఆరోపణ నిలిచినట్లేనన్న ధోరణిలో కోర్టు వ్యాఖ్యానించింది. ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. అదే సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు. 1992లో ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల విషయంలో హైకోర్టు తప్పుపట్టిన తరువాత నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. ఆ తరువాత ఆయన కూడా లోక్‌సభకు ఎన్నికయ్యారు.

వీరంతా మచ్చలేని మహాత్ములని మేము చెప్పడం లేదు. కొందరు మనస్ఫూర్తిగా తప్పుకున్నారు, కొందరు తప్పనిసరై తప్పుకున్నారు. గమనించవలసిన విషయం ఒకటే. తప్పుకున్నవారు కూడా మళ్లీ లేచి నిలబడ్డారు. కాబట్టి ఇప్పటివారు జవాబు చెప్పకపోవడానికి కారణం భయం కాదు. జవాబు చెప్పకుండానే గట్టెక్కే దారులు వారికి దొరికాయి. ఆ దారులేమిటో చూద్దాము.

ప్రశ్నను మార్చడం

మొదటి దారి, అడిగిన ప్రశ్నను పక్కకు నెట్టి వేరే ప్రశ్న ముందుకు తేవడం. 2015 మే 31న తెలంగాణ అవినీతి నిరోధక శాఖ అప్పటి కొడంగల్ టీడీపీ ఎమ్మెల్యే రేవంత్‌రెడ్డిని అరెస్టు చేసింది. శాసనమండలి ఎన్నికలో తమ అభ్యర్థికి ఓటు వేయాలంటూ నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌కు 50 లక్షల రూపాయలు అడ్వాన్సుగా తెచ్చారని ఆరోపణ. మొత్తం బేరం 5 కోట్లని ఏసీబీ చెప్పింది. రహస్య కెమెరా దృశ్యాలను రాష్ట్రమంతా టీవీలలో చూసింది. వారం తిరిగేసరికి, పొరుగు రాష్ట్రపు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుదిగా చెప్పిన ఫోను సంభాషణ కూడా ప్రసారమైంది.

మామూలు మనిషికి కలిగే ప్రశ్న చాలా చిన్నది. ఆ 50 లక్షలు ఎవరివి? ఎవరు పంపారు? ఆ ప్రశ్న నాలుగు రోజులు కూడా నిలవలేదు. ముఖ్యమంత్రి ఫోనును ఎలా ట్యాప్ చేస్తారన్న ప్రశ్న వచ్చింది. ఉమ్మడి రాజధానిలో శాంతిభద్రతలు గవర్నరు చేతిలో ఉండాలి గదా అంటూ విభజన చట్టంలోని సెక్షన్ 8 వచ్చింది. మీకు ఏసీబీ ఉంటే మాకూ ఏసీబీ ఉందన్న మాట వచ్చింది. ఇటువైపు అధికార పార్టీ సంగతి చూస్తే, టీడీపీ టిక్కెట్టుపై గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అప్పటికే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నారు. మీరు మా వాళ్లను లాక్కోలేదా అని టీడీపీ ఎదురు ప్రశ్న వేసింది. చివరకు డబ్బు సంగతి మరుగునపడి, ఆంధ్రా వాళ్లా తెలంగాణ వాళ్లా, బాబు వైపా కేసీఆర్ వైపా అన్న తగాదా మిగిలింది. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే.

ఇంటి ఉదాహరణ ఒకటి చెబుతాము. హజ్ యాత్రకు పోతూ ఒకావిడ తన నగలను పొరుగింటి పెద్దమనిషి దగ్గర అమానత్ పెట్టి వెళ్లిందనుకోండి. తిరిగి వచ్చి నగలడిగితే, "నా బీరువాలో నగలున్నాయని నీకెవరు చెప్పారు? నీ తమ్ముడు మాత్రం మంచివాడా? ఈ వాడలో నాకు ఎంత పేరుందో తెలుసా?" అని ఆయన తిరగబడితే మనం ఏమంటాము? అవన్నీ తరువాత, ముందు నగలివ్వు అంటాము. నాలుగు తులాల నగల విషయంలో మనకున్న తెలివి, ఐదేళ్ల అధికారం విషయంలో ఎందుకుండదు?

ప్రమాణాలు, వాయిదాలు

రెండవ దారి ప్రమాణం. 2022 అక్టోబరు 26న, మునుగోడు ఉప ఎన్నికకు వారం ముందు, మొయినాబాద్ ఫామ్‌హౌస్ వ్యవహారం బయటపడింది. నలుగురు టీఆర్ఎస్ ఎమ్మెల్యేలను కోట్ల రూపాయలతో బీజేపీలోకి లాగబోయారంటూ పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. ఆ నలుగురిలో ఇద్దరు పాత మహబూబ్‌నగర్ జిల్లా వారే. ఒకరు అచ్చంపేట ఎమ్మెల్యే గువ్వల బాలరాజు, మరొకరు కొల్లాపూర్ ఎమ్మెల్యే బీరం హర్షవర్ధన్‌రెడ్డి. తమకు సంబంధం లేదని చెప్పడానికి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ యాదాద్రి వెళ్లి తడి బట్టలతో ప్రమాణం చేశారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో మరో ప్రమాణం జరిగింది. మునుగోడు ఎన్నిక కోసం కాంగ్రెస్ కేసీఆర్ దగ్గర 25 కోట్లు తీసుకుందని ఈటల రాజేందర్ ఆరోపిస్తే, రేవంత్‌రెడ్డి హైదరాబాదు భాగ్యలక్ష్మి ఆలయంలో ప్రమాణం చేశారు.

ఒకరి విశ్వాసాన్ని మేము తక్కువ చేయడం లేదు. ప్రమాణం ఏ మతంలోనైనా పెద్ద మాటే. మనలో కూడా ఖసమ్ తిన్నాక ఎదుటివాడు నోరు మూసుకుంటాడు. చిక్కు అక్కడే ఉంది. ప్రజల డబ్బు, ప్రజల ఓటు గురించిన ప్రశ్నకు కాగితాలు, లెక్కలు, సాక్షులు కావాలి. ఆ చోట ప్రమాణం వచ్చి కూర్చుంటే, ఆ తరువాత అడిగినవాడే అవిశ్వాసి అయిపోతాడు.

మూడవ దారి కాలం. ఫామ్‌హౌస్ కేసు వీడియోలను మునుగోడు పోలింగు ముగిసిన సాయంత్రమే ముఖ్యమంత్రి కేసీఆర్ విలేకరుల ముందు పెట్టారు. దర్యాప్తులో ఉన్న సాక్ష్యం ముఖ్యమంత్రి చేతికి ఎలా వచ్చిందన్నది హైకోర్టులో పెద్ద ప్రశ్న అయింది. 2022 డిసెంబరులో కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ మీద అప్పీళ్లు నడిచాయి. ఎమ్మెల్యేలను కొనడానికి ఎవరు పంపారన్న అసలు ప్రశ్న కాస్తా, ఎవరు దర్యాప్తు చేయాలన్న ప్రశ్నగా మారిపోయింది.

ఓటుకు నోటు కేసు కథ కూడా అంతే. 2015 నుంచి 2023 డిసెంబరు వరకు కేసు పెట్టిన పార్టీయే అధికారంలో ఉంది. ఆ ఎనిమిదిన్నర సంవత్సరాలలో విచారణ పూర్తికాలేదు. అధికారం పోయిన తరువాత, సూర్యాపేట ఎమ్మెల్యే జగదీశ్‌రెడ్డి ప్రభృతులు విచారణను భోపాల్‌కు మార్చాలని సుప్రీంకోర్టును కోరారు. 2024 సెప్టెంబరు 20న కోర్టు ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. అయితే ఈ కేసులో ఏసీబీ అధిపతి ముఖ్యమంత్రికి నివేదించరాదని ఆదేశించింది. నిందితుడే ముఖ్యమంత్రి అయి, పోలీసు శాఖ ఆయన కిందనే ఉన్నప్పుడు ఇలాంటి ఆదేశం అవసరమైంది. నేరం రుజువయ్యే వరకు ఎవరినీ దోషి అనకూడదు. అది చట్టం, న్యాయం కూడా. కానీ రుజువు కాలేదన్న మాటకు, నిర్దోషి అని తేలిందన్న మాటకు చాలా దూరం ఉంది. నాయకులు బతికేది ఆ దూరంలోనే.

జెండా మారితే నింద మాసిపోతుందా?

నాలుగవ దారి జెండా మార్చి ప్రజల ముందుకు రావడం. రేవంత్‌రెడ్డి 2015 జూలై 1న చర్లపల్లి జైలు నుంచి విడుదలైనప్పుడు తలవంచుకుని ఇంటికి వెళ్లలేదు, ఊరేగింపుగా వెళ్లారు. 2017లో కాంగ్రెస్‌లో చేరారు. 2018లో కొడంగల్‌లో ఓడిపోయారు. 2019లో మల్కాజిగిరి నుంచి లోక్‌సభకు గెలిచారు. 2021లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. జైలుకు పంపినవారి మీద కోపం ఉన్న ప్రతివారికి ఆ జైలే ఆయన యోగ్యతగా కనిపించింది. పట్టుదల, కష్టం, వాక్చాతుర్యం ఆయనకు లేవని ఎవరూ అనరు. కానీ గెలుపు వేరు, జవాబు వేరు.

ఆయన ఒక్కరి సంగతే కాదు. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన కొల్లాపూర్ హర్షవర్ధన్‌రెడ్డి, నకిరేకల్ చిరుమర్తి లింగయ్య 2019లో టీఆర్ఎస్ పక్షాన చేరినవారే. 2023లో బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన గద్వాల బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి 2024లో కాంగ్రెస్ వైపు వెళ్లారు. మునుగోడు రాజగోపాల్‌రెడ్డి 2022లో కాంగ్రెస్ వదిలి బీజేపీ అభ్యర్థిగా ఓడి, 2023లో తిరిగి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. ఫామ్‌హౌస్ కేసులో తమను కొనజూసిన పక్షంగా టీఆర్ఎస్ ఏ బీజేపీని చూపించిందో, ఆ బీజేపీలోనే 2025 ఆగస్టులో గువ్వల బాలరాజు చేరారు.

అయితే ఓటరు ఎప్పుడూ మరిచిపోతాడని కూడా అనలేము. ఫామ్‌హౌస్ కేసులో పేర్లు వినిపించిన ఆ నలుగురు ఎమ్మెల్యేలూ 2023 ఎన్నికలలో ఓడిపోయారు. దానికి ఆ కేసే కారణమని మేము అనము. ఆ సంవత్సరం గాలి వేరుగా వీచింది. ఓటరు తలచుకుంటే మారుస్తాడన్నది మాత్రం నిజం. మరి తలచుకోకుండా మనల్ని ఆపుతున్నదేమిటి?

తిలా పాపం తలా పిడికెడు

ఇక్కడే మా కలం బరువెక్కుతున్నది. ఇంతవరకు నాయకుల గురించి రాశాము. ఇక మన గురించి రాయాలి.

మునుగోడు ఉప ఎన్నికలో డబ్బు ఎలా పారిందో నల్లగొండ జిల్లావాసులకు మేము చెప్పనక్కరలేదు. ఇస్తామన్న డబ్బు అందలేదని కొన్ని గ్రామాలలో ఓటర్లు నిరసన తెలిపినట్లు పత్రికలు రాశాయి. ఒక్క ఎమ్మెల్యే ఓటుకు 5 కోట్ల బేరమంటే మనం ముక్కున వేలేసుకున్నాము. మన ఓటుకు వచ్చిన కవరు విషయంలో, పక్కింటికి ఎంత ఇచ్చారో ఆరా తీశాము. రెండింటికీ తేడా అంకెలోనే గాని గుణంలో ఉందా?

చట్టం దృష్టిలో తేడా లేదు. 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసులో, డబ్బు పుచ్చుకుని సభలో ఓటు వేసిన సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇరవై ఆరేళ్లకు, 2024 మార్చి 4న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. లంచానికి రక్షణ లేదని తేల్చింది. అది సభలో ఓటు సంగతి. ఇక మన ఓటు సంగతి చూస్తే, డబ్బు ఇచ్చి ఓటు అడగడం ఎంత నేరమో, తీసుకోవడం కూడా అంతే నేరమని పాత శిక్షాస్మృతి చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 170, 173 సెక్షన్లలో అదే చెబుతున్నది. ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. రిష్వత్ ఇచ్చినవాడూ తిన్నవాడూ ఒకే గంపలోని వారని మేము పిల్లలకు చిన్నప్పటి నుంచే నేర్పుతాము. నేర్పి, ఎన్నికల వారంలో మరిచిపోతాము.

మాది కూడా ఒక తప్పు ఉంది, చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక ఎన్నిక ముందు ఒక నాయకుడు మా మసీదుకు తివాచీలు, వజూ దగ్గర బోరుకు మోటారు ఇప్పించాడు. కమిటీవారు సంతోషించారు. మేమూ సంతోషించాము. వేసవిలో నీళ్లకు ఎంత కష్టమో ఈ ప్రాంతం వారికి తెలియనిదా? తరువాత ఆ నాయకుడి మీద భూముల విషయంలో పెద్ద ఆరోపణ వచ్చింది. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ఆయన వచ్చి కూర్చున్నప్పుడు, డిగ్రీ చదివే కుర్రవాడొకడు లేచి, "సార్, ఆ భూమి సంగతి ఏందో చెప్పుండ్రి" అని మర్యాదగానే అడిగాడు. వాడి చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది మేమే. "ఇది అడిగే చోటు కాదు బేటా" అన్నాము. నాయకుడు చిరునవ్వు నవ్వి ఖజూరం నోట్లో వేసుకున్నాడు. ఆ తరువాత ఆ కుర్రవాడు మాకు సలాం చేస్తాడు గానీ, ఏ విషయం మీదా మమ్మల్ని సలహా అడగడు.

ఆ రోజు ఆ నాయకుడిని కాపాడింది ఆయన వకీలు కాదు, ఆయన పార్టీ కాదు. మా చెయ్యి. నిందను దాటే దారులు నాలుగని పైన లెక్కపెట్టాము. నిజానికి ఐదవది ఉంది, మిగిలిన నాలుగూ దాని మీదే నడుస్తాయి. అది మన మొహమాటం. ఏదో ఒకటి పుచ్చుకున్నవాడు ఏదీ అడగలేడు. నాయకులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. తివాచీ వెల వారి దృష్టిలో తివాచీ వెల కాదు, మన మౌనం వెల.

మనం చేయగలిగినది

పెద్ద విప్లవాలు మేము చెప్పము. ఇంటి నుంచి, మొహల్లా నుంచి మొదలుపెట్టగలిగినవి మూడు చెబుతాము.

ఒకటి, అభ్యర్థి అఫిడవిట్ చదవండి. పోటీ చేసే ప్రతివారూ తమ మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు ఫారం 26లో రాసి ఇవ్వాలి. ఎన్నికల సంఘం దాన్ని అందరికీ అందుబాటులో పెడుతుంది. కేసులున్నవారు ఆ వివరాలను ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికలలో ప్రకటించాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేసు లేని మరొకరిని కాదని ఇతనినే ఎందుకు నిలబెట్టారో పార్టీలు చెప్పాలని 2020 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ ప్రకటనలు చిన్న అక్షరాలలో వస్తాయి. ఇంట్లో చదువుకున్న ఆడపిల్లలుంటే వారిచేత బిగ్గరగా చదివించండి. ఓటు ఎవరికన్నది ఇంటి పెద్ద ఒక్కడే తేల్చే ఆచారం కూడా దానితో కొంత తగ్గుతుంది.

రెండు, మసీదుకు, కబ్రస్తాన్ గోడకు, షాదీఖానాకు ఎన్నికల ముందు వచ్చే చేతులను మర్యాదగా వెనక్కి పంపండి. ప్రభుత్వ నిధి అయితే అది మన హక్కు, ఎన్నికలతో నిమిత్తం లేకుండా అడిగి తీసుకుందాము. నాయకుడి జేబులోది అయితే మనకు వద్దు. మనం పదేసి రూపాయలు వేసుకుని కొన్న చాప మీద కూర్చున్నవాడికి గొంతు ఉంటుంది.

మూడు, ఏ నాయకుడు వచ్చినా ఒకే ప్రశ్న అడగండి, దాన్ని మార్చనివ్వకండి. అతను ఫోను ట్యాపింగు అంటే, "అది కూడా నేరమే, దాన్నీ తేల్చండి. ముందు దీనికి చెప్పండి" అనండి. ఎదుటి పార్టీ వాడు దొంగ అంటే, "వాడు వచ్చినప్పుడు వాడినీ అడుగుతాము" అనండి. కోర్టులో ఉందంటే, "కోర్టుకు చెప్పేది మాకూ చెప్పండి" అనండి. మనకు నచ్చిన పార్టీ నాయకుడిని కూడా ఇలాగే అడగాలి. మనవాడని వదిలేస్తే, పరాయివాడిని అడిగే హక్కు మనకుండదు.

శాస్త్రి గారు రాజీనామా చేసిన రోజులలో మనుషులంతా మంచివారు కారు, ఈ రోజులలో అందరూ చెడ్డవారు కారు. ఆనాడు జవాబు చెప్పకపోతే తలెత్తుకోలేమన్న భావన నాయకులలో కొంత ఉండేది. అది వారికి పుట్టుకతో వచ్చింది కాదు, చుట్టూ ఉన్న ప్రజల కళ్లను చూసి వచ్చింది. మనం కళ్లు దించుకున్నాము, వారికి సిగ్గు తగ్గింది.

మా పిల్లలు అడిగిన ప్రశ్నకు ఈ జుమా నాడు మా జవాబు ఇది: "బేటా, వాళ్లు ఎందుకు అట్ల చెయ్యరంటే, అడగవలసిన మేము అడగలేదు." ఆ డిగ్రీ కుర్రవాడి ఇంటికి కూడా ఒకసారి వెళ్లి ఈ మాట చెప్పాలి. ఆ రోజు మేము లాగినది వాడి చొక్కాను మాత్రమే కాదని వాడికి ముందే తెలుసు. మాకు తెలియడానికే ఇన్నేళ్లు పట్టింది.